ఇరవై ఆరో కిలోమీటరు

కట్టంగూర్ల మిషన్ పెట్టి పదకొండేండ్లు.
కుట్టిన జాకెట్లు సంచిల ఏస్కొని
అయిటిపాముల, ఈదులూరు తిరగనీకి
పోయిన శ్రావణంల కరెంటు బండి కొన్న.

"లైసెన్సు వద్దక్కా, నంబరు వద్దు,
ఇరవై ఐదు దాటదు గదా"
అన్నడు షోరూం పిలగాడు,
అదేదో నాకు కట్నం మాఫీ చేసినట్టు.

నిజమే.
సైకిలును అడగరు, ఎడ్లబండిని అడగరు,
నెత్తిమీది గంపను ఎవ్వలు ఆపి
కాయితం చూపెట్టమన్నరు?
మెల్లగ పొయ్యేటోళ్లతోని
సర్కారుకు పంచాయితి లేదు.

దసరా ముందట గిరాకి మీద గిరాకి.
సీటు కింద ఎర్ర వైరు ఒకటుంటది,
పీకితె నలబై ఉరుకుతదని
మెకానిక్ ఉప్పలయ్య చెవుల చెప్పిండు.
పీకిచ్చిన. అబద్ధమెందుకు.
కొంగు లేసి ఎనుకకు కొట్టుకుంటుంటె
నలబై మూడేండ్లకు తెలిసింది
గాలి నాకోసం కూడ ఉన్నదని.

హైవే పక్క సర్వీసు రోడ్డు మీద పోలీసాయన ఆపిండు.
"లైసెన్సు?"
"దీనికి అక్కర్లేదు సారు."
మీటరు దిక్కు చూసిండు. సీటు లేపిండు.
తెగిన వైరు, మీద నా జాకెట్ల గుడ్డపేలిక చుట్టి ఉన్నది.
"ఇరవై ఐదు దాక నిన్నెవ్వలు అడగరమ్మా.
ఇరవై ఆరు కాంగనె
నీకొక పేరుండాలె, ఫొటో ఉండాలె,
నంబరు, ఇన్సూరెన్సు, నెత్తికి హెల్మెట్టు."
తిట్టిండా, దీవించిండా
ఇప్పటికీ తెల్వది.

వైరు మళ్ల పెట్టిచ్చిన.
బండి సప్పుడు లేకుంట పాత నడకకొచ్చింది.
ఇరవై ఆరు మాత్రం చెవుల్నుంచి పోలే.

నల్లగొండ ఆఫీసుల కంప్యూటరు ముందట కూసున్న.
గుర్తు చూపెడ్తది, అర్థం చెప్పాలె.
మూడు మూలల బొమ్మల వంకర తొవ్వ.
వంకరలు నాకు కొత్తా?
ఊళ్లె ఆడోళ్ల మెడలు, నడుములు
అన్నీ నా కొలతల పుస్తకంలనే ఉన్నయ్.
పాసైన.

నెల దాటినంక అసలు పరీచ్చ.
అంగన్‌వాడి టీచర్ మహబూబీని అడిగి
ఆకుపచ్చ నంబరు పలకున్న బండి తెచ్చుకున్న.
దాంతోని నేల మీద ఎనిమిది తిప్పాలె,
కాలు కింద పెట్టొద్దు.

ఎనిమిదిల్నే బడి ఇడిసిన మనిషిని నేను.
ఏడు కిలోమీటర్ల అవుతల తొమ్మిది,
పొద్దుగాల ఒక్క బస్సు,
మాపటికి వస్తె వచ్చినట్టు.
ఇగ ఇప్పుడు
సున్నం గీతల నడుమ అదే అంకె.
మొదటి గుండ్రం మంచిగనే తిరిగింది.
రెండు గుండ్రాలు కలిసే కాడ బండి ఒరిగింది,
కాలు దానంతట అదే దిగింది.
"వారం తర్వాత రా."

రాత్రి, ఇంటి ముందట గచ్చు మీద
జాకెట్ల సుద్దతోని గీస్తున్న.
ఎడమ చంక, కుడి చంక,
నడుమ ఒక్క కుట్టు.
ఇది చెయ్యికి తెల్సిన పనే,
చక్రానికి చెప్పాలె, గంతే.

పక్కింటి ఎల్లవ్వ తలుపు తీసి
"ఏం ముగ్గే ఇది, చుక్కలు లేవు?" అన్నది.
జర తొక్కకే అత్తా,
మంగళారం దాక ఉండాలె.