పద్దెనిమిదో బొమ్మ

పాత పుస్తకాల బండి మీద కనిపించింది.
వెన్ను ఊడింది, అట్ట మీది బంగారు తీగ సగం రాలింది.
బండివాడు మూడు పెన్నీలన్నాడు.
అక్షరాలు నాకిప్పటికీ కూడబలుక్కోవాల్సినవే గాని
బొమ్మలు గడగడా చదవగలను.
వాటిలో ఉన్నది నేను.

బ్రిస్టల్లో ఆ చలికాలం
ఆర్రెల్ దొరగారి మేడగదిలో గంటకి ఆరు పెన్నీలు.
అమ్మ ఊరివాళ్ల దుప్పట్లు ఉతికే పెరట్లోంచి
తిన్నగా మెట్లెక్కి వెళ్లి
ఎనభయ్యేళ్ల కిందటి మస్లిన్ గౌనులో దూరేదాన్ని.
నడుము ఎక్కడో చంకల కింద మొదలయ్యేది.
వంటి మీద గౌనుందో, ఆవిరుందో తెలిసేది కాదు.
"ఆ రోజుల్లో ఆడపిల్లలు దగ్గి దగ్గి పోయేవాళ్లు గాని
పైన కోటు మాత్రం వేసేవాళ్లు కాదు"
అనేవాడాయన,
పొయ్యిలో ఇంకో బొగ్గు వేయకుండా.

డబ్బిచ్చి పిలవగలిగింది నన్నొక్కదాన్నే.
అందుకని నలుగురు అక్కచెల్లెళ్లూ నేనే,
టోపీకి రిబ్బను మార్చి కొత్తదనిపించే పెద్దదీ
గుర్రబ్బండి చప్పుడుకి కిటికీ దగ్గరికి పరిగెత్తే ఆఖరిదీ.
విసనకర్ర చాటున
ఒకరి మాట ఇంకొకరికి మోసే మేనత్తా నేనే.
చివరికి కెప్టెన్ కూడా.
దొరగారి అన్న బూట్లలో గుడ్డపీలికలు కుక్కుకుని
మెడ చుట్టూ అయిదడుగుల తెల్లగుడ్డ బిగించుకుని
(దాని గంజి మా అమ్మ చేతిదే)
తల తిప్పలేక
గొప్పవాడిలా నిలబడ్డాను.

"నాట్యానికి పిల్ల తనంతట తాను అడగకూడదు, టామ్సిన్.
ఎవరో వచ్చి వంగేదాకా గోడవారనే ఉండాలి.
తెలిసినవాళ్లు పరిచయం చేయందే
పేరైనా పలకకూడదు."

సోమవారం గోడవార నిలబడ్డాను.
గురువారం బూట్లేసుకొచ్చి వంగాను.
ఆ మూడు రోజులూ పాపం
ఆ పిల్ల కాగితం మీద
ఎదురుగా ఉన్న తెల్లటి ఖాళీని చూస్తూ
చిరునవ్వు దించకుండా ఉంది.
పరిచయం చేసేవాళ్లెవరూ లేరు మా ఇద్దరికీ.

చేతొడుగులు మాత్రం ఎప్పుడూ తీయనిచ్చేవాడు కాదు.
మోచేతి పైదాకా మేకపిల్ల తోలు.
సోడానీళ్లకి పగిలిన వేళ్లు లోపల భగ్గుమంటుంటే
నా ముఖం ఏదోలా అయ్యేది.
"ఆఁ, అదే! కదలకు! ఆ సిగ్గే కావాలి!"
పన్నెండో పేజీలో ఉంది చూడండి
ఆ సిగ్గు.

పద్దెనిమిదో బొమ్మలో
అందరూ హోదా వరసన విందుకి వెళుతున్నారు.
పెళ్లయిన చెల్లెలు ముందు, కాని అక్క వెనక.
తలుపు తెరిచి పట్టుకున్న పనిపిల్లకి ముఖం లేదు,
తలుపంచు మీద నాలుగు వేళ్లున్నాయంతే.
ఉబ్బిన కణుపులు, చూపుడు వేలికి చీలిక.
ఆ పూట మాత్రం ఆయన
చేతొడుగుల మాటెత్తలేదు,
నేనూ అడగలేదు.

బండివాడితో బేరమాడాను.
నలుగురు అక్కచెల్లెళ్లు, మేనత్త, కెప్టెను,
ఆ నాలుగు వేళ్లు,
అన్నీ కలిపి రెండున్నరకిచ్చాడు.