త్రీఫేజ్ వచ్చేదాకా

జడ్చర్ల పాతసామాన్ల దుకాణంల
నూటిరవైకి బేరమాడి తెచ్చిండు కుర్మయ్య మామ:
అరచేతి పెట్టె, బూడిదరంగు తెర,
లోపలంత జపాను అక్షరాలు.

చదవరాదు గనక ముక్కలకు పేర్లు మేమే పెట్టుకున్నం.
మంట కక్కేది ఇటికెబట్టి,
ముడుచుకునేది అలుగు,
ఎప్పుడూ ఓడేది సర్పంచు.

రాత్రి రెండుకు కరెంటన్నరు.
పల్లిచేను గట్టున, స్టార్టర్ డబ్బా పక్కన
టార్చిలైటు పండ్ల నడుమ పట్టుకొని
ఒక్కో ముక్క దింపుతున్న.
తెరకు సొంత వెలుతురు లేదు,
ఆటకు యాది లేదు.
ఆపితే గెలిచినయన్నీ పోయి
మళ్ల ఆ ఏడు బక్క ముక్కలే.
సందెకాడి నుంచి అందుకే ఆపలే.

ఇటికెబట్టి నా చేతిల ఉన్నది.
అవతలోని పానం నలభై.
ఒక్క దెబ్బ

డబ్బా మీద మూడు బల్బులు వెలిగినయ్.

పెట్టె గట్టుమీద పెట్టి ఉరికిన.
మోటరేసి, మడవ తిప్పి,
తెగిన కాలువకు మట్టేసి, మళ్ల తిప్పి
వచ్చేసరికి ఎర్రచుక్క సన్నగిల్లింది.

అవతలోడు ఇంక ఆగే ఉన్నడు.
గంటసేపు, నా వంతని,
ఒక్క ముక్క కదపకుండ.
బోరు కాడ మా పాలోళ్లల్ల
ఇంత నీతి నేను చూడలే.

బురదచేత్తోనే మీట నొక్కిన.
గెలిచిన్నో, సెల్లులే సచ్చినయో,
తెర తెల్లబోయింది.