మెత్తని పెడల్

"కాలి కింద బురద తొక్కినట్టుందన్నా" అన్నాడు ఓబులేసు,
షువైఖ్ షెడ్డు ముందు, ఇంజిన్ ఆపకుండానే.
మూడు వారాలుగా ఇదే. బడిపిల్లలు వెనక సీట్లో,
ప్రతి సిగ్నల్ దగ్గరా రెండుసార్లు తొక్కుడు.
మేడంకి చెప్తే "బాదేన్" అనిందంట.

రెండో తొక్కుకి పైకొస్తోంది, అంటే గాలి.
పట్టి ఉంచితే జారడం లేదు, సిలిండర్ నిక్షేపం.
ఎక్కడా కారలేదు. మూత తీస్తే
బ్రేక్ ఆయిల్ డికాషన్ రంగు,
ఈ సముద్రపు చెమ్మ తాగి తాగి.

దూరపు చక్రంతో మొదలు. నేను కింద, షఫీక్ సీట్లో.
బరిసాల్ వాడికి వచ్చిన తెలుగు మూడే మాటలు:
తొక్కు. పట్టు. వదులు.
నిపుల్ పావు చుట్టు తిప్పితే
గొట్టం వెంట విమ్టో సీసాలోకి
చీమలబారులా బుడగలు.
ఆగాయి.
అయిపోయిందనుకున్నాక ఇంకొకటి, ఒంటరిది,
అదే దొంగది.

నాలుగో చక్రం దగ్గర చెమట కళ్లలో పడి
మాట మరిచాను.
"పట్టినా అన్నా" అన్నాడు షఫీక్ పైనుంచి.
ఎప్పుడు నేర్చాడో.

ఓబులేసు ఎక్కి తొక్కాడు. సగంలోనే నిలబడింది.
చాలాసేపు కాలు తియ్యలేదు.
"రసీదు మేడం పేరు మీద రాయన్నా,
తారీఖు మాత్రం పోయిన నెలది."