గంటకు నాలుగు మైళ్ళు

వంటింటి బల్ల మీద కాలవ పటం పరిచాడు ఐవర్,
చుట్టుకుపోయే మూలకి మార్మలేడ్ సీసా బరువు పెట్టి.
ఆడ్లెమ్ దగ్గర పదిహేను లాకులు, అన్నాడు.
ఆ పదిహేనూ తిప్పేదెవరు, అంది గ్లెనిస్
అతని కొత్త మోకాలి చిప్ప వైపు చూస్తూ.

పడవ వెడల్పు ఏడడుగులే.
మంచం నాలుగు.
గురక మాత్రం పన్నెండు,
అంటూనే పెన్సిల్‌తో రాసుకుంటోంది:
టీపొడి, వానకోట్లు, అగ్గిపెట్టెలు,
మోకాలికి రాసే మందు.

ముప్పై ఏళ్ళ కింద ఇదే కాలవ మీద
ఏం మాటకో ఇద్దరికీ గుర్తులేదు,
అలిగి గట్టు మీదికి దూకేసింది.
మళ్ళీ మొహం చూడకూడదని గబగబా నడిచింది.
పడవా అంతే నడిచింది,
పక్కనే, టకటకమంటూ.
చుక్కాని పట్టుకుని
నీళ్ళకేసే చూస్తూ అతను.
మూడు వంతెనలు దాటాక వాన.
మాట్లాడకుండా గొడుగు చాచాడు.
అందుకుంది. ఎక్కలేదు.
చీకటి పడేదాకా అలాగే,
గట్టు మీద ఒకరు, నీళ్ళ మీద ఒకరు.

"పోనీ, హాయిగా రైల్లో పోదామా?"
పటం మడవబోయాడు ఐవర్.
సీసా మీంచి చెయ్యి తియ్యలేదు ఆమె.

"రైలు, దిగితే వెళ్ళిపోతుంది."