ఒంటి జోడు

ఎనభై నాలుగు పేజీల రిపోర్టు బల్లమీద పెట్టి
సర్వేయరు గాస్కెల్ టీ అడిగాడు.
"నేనైతే కొనను" అన్నాడు చక్కెర కలుపుకుంటూ,
"మా ఆవిడైతే కొంటుంది."

తూర్పు గోడ నాలుగంగుళాలు ఒరిగింది.
ఒరగడం మొదలై మూడొందల ఏళ్ళట,
తొందరేం లేదట.
దూలాల్లో పురుగు తిన్నంత తిని ఎప్పుడో వెళ్ళిపోయింది.
వంటింటి నేలలో బావి,
బావి మీద గాజుపలక,
గాజుపలక మీద ఎవరిదో కుక్క నీళ్ళ గిన్నె.

ఇల్లు కట్టి చూడమన్నారు మనవాళ్ళు,
కొని చూడమని ఒక్కరూ అనలేదు.
అందులోనూ ష్రాప్‌షైర్ చివర, గొర్రెల మధ్య,
కిటికీ రంగు మార్చాలన్నా కౌన్సిల్‌కి అర్జీ పెట్టాల్సిన ఇల్లు.
డబ్బు మనది, పెత్తనం చచ్చిపోయినవాళ్ళది.

ఇరవై రెండేళ్ళు టెల్ఫర్డ్‌లో మత్తు డాక్టర్ని.
మనుషుల్ని పడుకోబెట్టి మళ్ళీ లేపి
రాత్రి డ్యూటీల్లో కూడబెట్టిందంతా
ఈ వంకర గోడల మధ్య పోశాను.
సుధీంద్ర ఏమీ అనలేదు.
మొదటిరోజే పడగ్గది గుమ్మానికి నుదురు కొట్టుకుని
అప్పుడన్నాడు.
అది ఇక్కడ రాయను.

హెస్టర్ ప్లంబ్, అమ్మిన ఆవిడ,
తాళంచెవులు తనే తెచ్చిచ్చింది.
ఆరు తలుపులకి తొమ్మిది.
"మిగతా మూడూ దేనివో నాకు తెలీదు,
మా అత్తగారికీ తెలీదు.
పారేయకండి."

సరిహద్దు అవతల వేల్స్ నుంచి
సున్నం మేస్త్రీ ఇడ్రిస్ వచ్చాడు.
అరవైల్లో ఎవరో పూసిన సిమెంటు ఒలుస్తూ
"గోడకి ఊపిరాడట్లేదు" అన్నాడు.
ఉలిక్కిపడ్డాను.
ఊపిరి కాపలాయే కదా నా ఉద్యోగం,
ఇంతకాలం గోడల సంగతి ఎవరూ చెప్పలేదు.

అతను సున్నంలో మేకవెంట్రుకలు కలుపుతాడు.
మా తాత తాపీ మేస్త్రీ అనీ,
గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లమూ పోసేవాడనీ చెప్పి
డబ్బాలోంచి చిన్న ముక్క చేతిలో పెట్టాను.
నోట్లో వేసుకుని చాలాసేపు మాట్లాడలేదు.
"దీన్ని గోడకి పెట్టారా!" అన్నాడు చివరికి,
నిజంగానే బాధపడుతూ.

మంగళవారం
పొగగూట్లోకి భుజం దాకా చెయ్యి పెట్టి
ఇడ్రిస్ ఆగిపోయాడు.
బయటికి వచ్చింది
అరచేతిలో ఇమిడే జోడు.
ఒక్కటే.
తోలు ఎండు ఖర్జూరంలా ముడుచుకుపోయింది.
బొటనవేలి దగ్గర చిన్న ఉబ్బు.
ఎదుగుతున్న కాలు ఎవరిదో
లోపల్నుంచి తోసిన చోటు.

ఫోన్లో హెస్టర్ గొంతు మారింది.
"తీశారా? ముందు పెట్టేయండి.
అన్ని తలుపులకీ గడియ ఉంటుంది,
పొగగూటికి ఉండదు కదా.
చెడు దిగకుండా అది అక్కడుంది."

నాకు నవ్వు ఆగలేదు.
లారీ వెనక ఊగే పాత చెప్పు చూసి పెరిగినదాన్ని,
నాకా దిష్టి గురించి చెబుతోంది!
గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టాలని మనసైనా
ఊళ్ళో ఏమనుకుంటారోనని మానేశాను.
ఊళ్ళోవాళ్ళు నాకంటే ముందే,
వందల ఏళ్ళ ముందే,
నా పొగగూట్లో కట్టిపెట్టుకున్నారు.

ఆ సాయంత్రం నేనే పెట్టాను తిరిగి.
గాజుల చెయ్యి భుజం దాకా మసిలోకి వెళ్ళింది.
జోడుని దాని అరలో ఆనించి
చెయ్యి తీసుకోబోతుంటే
వేళ్ళకి ఇంకేదో తగిలింది.
చిన్నది. మెత్తనిది. మడత పెట్టినది.

ఎనభై నాలుగు పేజీల్లో అది లేదు.
కౌన్సిల్ దస్తావేజుల్లో లేదు.
నేను కట్టిన సొమ్ములో దాని ఖరీదు
ఉందో లేదో తెలీదు.

"ఏంటది?" అన్నాడు సుధీంద్ర, టార్చి పట్టుకుని.

ఇటుక, అన్నాను.