ఊపు

సోహార్ రేవుల నా క్యాబిన్ ఎత్తు నలభై రెండు మీటర్లు.
ఒక కుర్సీ, రెండు జాయ్‌స్టిక్‌లు, నీళ్ల సీసా,
కాళ్ల కింద అద్దం.
అద్దం కింద మొగిలయ్య, పచ్చ జాకెట్, లేపిన చెయ్యి.
ఆ చెయ్యిని చూసినంత ఆయన మొఖం చూడలేదు నేను.

మొదటి నెల నాకు తెల్వదు,
నేను ఆగితే బరువు ఆగదని.
ట్రాలీ ఆపిన. కంటైనర్ పోతనే ఉన్నది.
పోయేదానికి పోవుడే అలవాటు,
కూసున్నదానికి కూసునుడే అలవాటు.
ఊగి ఊగి
ఓడ అంచుకు జానెడు దూరంల మళ్లింది.
ఫోర్‌మన్ దాద్ మొహమ్మద్ రేడియోల తిట్టలేదు.
"దాని ఎంబడి పో" అన్నడు.
ఊపు చివరికి పోయిన గడియల నువ్వూ అటే జరుగు,
దాని నెత్తిమీదికి పో,
అప్పుడు నిలబడ్తది.
గుంజితే ఆగేది కాదు.

సర్వేయర్ ఖుద్దూస్ భాయ్‌ది బోధన్.
చాయ్ టైంల కొలతల యంత్రాన్ని రేవు గోడ మీదికెల్లి తిప్పి
ఆకాశానికి పెట్టిండు.
"ఒక కన్ను మూసుకో."
గురుడు. అక్షింత గింజంత.
పక్కన నాలుగు చుక్కలు, తాడు మీద ఆరేసినట్టు.
మరునాడు తాడు అదే,
చుక్కలు జాగలు మారినయ్.
ఇన్నేండ్లు గురువారం గురువారమని ఒక్కపొద్దున్న,
ఆయనకు ఇంత సంసారమున్నదని ఎరుకలేదు.

చంద్రుడు పడుతనే ఉన్నడట, రాయి వలె.
పక్కకు ఉరుకుడు జోరు మీదుండి
పడ్డప్పుడల్లా నేల తప్పిపోతదట.
"మరి తాడేది?" అన్న, క్రేనోణ్ణి కదా.
ఖుద్దూస్ నీళ్ల దిక్కు చూపించిండు.
పొద్దుగూకేటప్పుడు గోడ కింద దాక్కున్న టగ్ పడవ
ఇప్పుడు నడుమెత్తు పైకి లేచి నిలబడ్డది.
"అగో తాడు."

ఏజెంటు పైసలకు మిత్తి పెరుగుతుంటే
మా ఊరి పంతులు ఏలినాటి శని అన్నడు,
ఏడున్నరేండ్లు.
ఖుద్దూస్ సిమెంటు సంచి మీద లెక్క గీసిండు.
సూర్యుని సుట్టు శనికి ఒక తిరుగుడు ఇరవై తొమ్మిదిన్నరేండ్లు,
పన్నెండు ఇండ్లు,
ఇంటికి రెండున్నర తక్కువల తక్కువ,
మూడిండ్లు దాటితే ఏడున్నర.
లెక్క కుదిరింది!
పంతులు మీది కోపం సగం దిగింది.
నూటికి మూడు రూపాయల మిత్తి మాత్రం
ఏ గ్రహం మీదా రాసి లేదు.

అంగారకునికి ఏడాదంటే ఆరువందల ఎనభై ఏడు దినాలు.
నా కాంట్రాక్టు ఏడువందల ముప్పై.
అంటే ఆడ ఒక ఏడాది, పైన నలభై మూడు దినాలు.
టికెట్టు కోసం ఆఫీసు గడప కాడ నిలబడేటివి
గవే కావచ్చు.
సూర్యునికి దగ్గరైనకొద్ది గ్రహం ఉరుకుతదట.
సెలవు దగ్గరికొస్తే నాకు దినం కుంటుతది.
దీనికి ఖుద్దూస్ దగ్గర కూడ జవాబు లేదు.

నిన్న రాత్రి గాలి లేచింది.
ఇరవై రెండు టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ తాళ్ల మీద.
మొగిలయ్య చెయ్యి పిడికిలయింది:
ఆపు, అన్నీ ఆపు.
ఆపితే ఊపు ఆయన మీదికే.
ఆపలేదు.
ఎంబడి పోయిన, నెత్తిమీదికి పోయిన.
తాళ్లు నిటారుగ నిలబడ్డయ్.
నూకినంత నూకించుకొని
క్రేను మొత్తం ఒక్కసారి వెనక్కి మూల్గింది.
పిడికిలి విచ్చుకునుటానికి
చానసేపు పట్టింది.

తెల్లారకముందు, దిగినంక, యంత్రంల చూస్తే మూడే చుక్కలు.
"ఇంకొకటి గురుని ఎనుక ఉన్నది" అన్నడు ఖుద్దూస్
కాళ్లు మడిచి పెట్టెల పెట్టుకుంట, యంత్రం కాళ్లు.

క్యాంపు బస్సుల తలకాయలు లెక్కపెడితే ఒకటి తక్కువ.
మల్ల లెక్కపెట్టిండ్రు.
ఆఖరు వరుసల, పెద్ద సీటు చాటుకు, మొగిలయ్య,
పచ్చ జాకెట్ మొఖం మీద కప్పుకొని.
గేటు కాడ డ్రైవర్ బ్రేకు తొక్కిండు.
ముప్పై మందిమి
ఒక్కసారే ముందుకు పోయినం.