వెనక్కి జరిగే బెంచీ

ఏడింటికి గేటు తీస్తాను.
తుప్పు పట్టిన గొలుసు
అరచేతికి గోధుమరంగు పూస్తుంది.
ఇనప గొట్టంలో రాత్రి వేసిన కవర్లు:
ఐదేసి డాలర్లు, పెన్సిల్‌తో గీకిన కారు నంబర్లు.
ఒకదాన్లో మాత్రం డబ్బుల్లేవు,
"రేపిస్తా" అని రాసుంది, సంతకంతో సహా.

దారి మొదట్లో మ్యాపు.
"మీరు ఇక్కడ ఉన్నారు" అన్న ఎర్రచుక్కని
వేళ్లు తాకి తాకి అరగదీశాయి.
ఇప్పుడక్కడ తెల్లటి మచ్చ.
అందరూ ఉన్నచోట ఎవరూ లేనట్టుంది.

దాని పక్కన నేనే మేకులు కొట్టిన బోర్డు:
కుక్కల తాడు వదలకండి.
ఇసుకలో పిట్టలు గుడ్లు పెట్టాయి, కంచె దాటకండి.
సముద్రానికి వీపు చూపకండి.
మూడోది చదివి నవ్వుతారు జనం,
నవ్వుతూనే ఇసుకలోకి దిగుతారు,
అలలకి వీపుపెట్టి ఫోటోలు దిగుతారు.

నిన్నొక పిల్లాడు బకెట్‌లో పీతని పట్టుకొచ్చి
దీనికి టికెట్టుందా అనడిగాడు.
ఇక్కడి కాపురస్తులకి ఉచితం అన్నాను,
పోటు రాకముందే ఇంటి దగ్గర దింపిరమ్మన్నాను.

ఈ ఒరెగాన్ తీరం మెత్తటి రాయి.
చలికాలం కొరికినంత కొరుకుతుంది,
ఎండలొచ్చాక మేం కంచె వెనక్కి జరుపుతాం.
కాలిబాట కూడా జరుగుతుంది, పొదల్లోకి.
మలుపులో బెంచీ ఇప్పటికి మూడుసార్లు జరిగింది.
దాని వీపుకి ఇత్తడి రేకు:
ఓడెట్ ఫెన్విక్. ఈ చోటంటే ఆమెకిష్టం.
ఏ చోటు?
ఆ చోటు నీళ్లలో కలిసి పదకొండేళ్లు.

ఈసారి కుర్రాళ్లు వానలో తొందరపడ్డారు.
సిమెంటు గట్టిపడ్డాక చూశాను,
బెంచీ కార్లవైపు తిరిగుంది.

శనివారం వెర్లిన్ వచ్చాడు,
చంకలో ఫ్లాస్కు, చేతికర్ర.
నేను నోరు తెరిచేలోగా కూర్చున్నాడు.
ఎదురుగా చెత్తడబ్బాలు, ఒక పసుపు వ్యాను,
దాని తలుపు దగ్గర తడిబట్టలు పిండుకుంటూ ఒక కుటుంబం.
సోమవారం తిప్పించేస్తాను అన్నాను.
అతను మూత తిప్పుతూ,
"వద్దులే. ఎక్కడికెళ్లినా
ఆవిడ చూసింది కారునే.
తాళం వేశానో లేదో అని."

సగం కాఫీ నాకు పోశాడు. చక్కెర మరీ ఎక్కువ.
మా వెనక అల విరిగిన చప్పుడు,
ఆ తర్వాత
గట్టునుంచి గుప్పెడు మట్టి జారిన చప్పుడు.
ఇద్దరం తిరిగి చూడలేదు.
కాసేపటికి అతను లేచి,
కారుదాకా వెళ్లి,
తలుపు ఒకసారి లాగి చూసి వచ్చాడు.